పల్సార్ లెక్క ఎక్కడ తప్పుతుంది, ఎందుకు తప్పుతుంది?

క్లుప్తంగా: పల్సార్లు, అంటే గిర్రున తిరుగుతూ క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే మృత నక్షత్రాలు, అణు గడియారాలతో పోటీపడతాయన్న మాట నిజమే. కొన్ని పల్సార్ల వేగం ఉన్నట్టుండి మారిపోతుందన్న మాటా నిజమే. ఏ పల్సార్ గురించి, ఎంత కాలానికి మాట్లాడుతున్నామన్న దాన్ని బట్టి తేడా వస్తుంది. ఏళ్ల తరబడి స్పందనల రాకను కొలిచి, తెలిసిన కారణాలన్నీ తీసేశాక మిగిలే కొద్దిపాటి తేడాను శాస్త్రవేత్తలు పారేయరు. న్యూట్రాన్ తార లోపల ఏముందో, దాని చుట్టూ ఏం జరుగుతోందో, స్థలకాలాన్నే సాగదీస్తూ పోయే గురుత్వ తరంగాలు భూమిని ఎలా కదిలిస్తున్నాయో ఆ తేడాలోంచే బయటికి వస్తోంది.

## ఒకదానికొకటి పొసగని వార్తలు

2024 జనవరి 1 ఉదయం 9.10కి తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ58 రాకెట్ ఎక్స్ కిరణాలను గమనించే ఎక్స్‌పోశాట్ ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చింది. అందులోని పోలిక్స్ పరికరం తొలి రోజుల్లోనే చూసింది క్రాబ్ పల్సార్‌ను. అంతకు ఆరు నెలల ముందు, 2023 జూన్ 29న, పల్సార్ల సాయంతో గురుత్వ తరంగాల జాడ దొరికిందని భారత్ సహా పలు దేశాల బృందాలు ఒకేసారి ప్రకటించాయి. ఇలాంటి వార్తల్లో పల్సార్‌ను ఒక చోట 'విశ్వంలోని అతి కచ్చితమైన గడియారం' అంటారు. ఇంకో చోట 'పల్సార్ వేగం హఠాత్తుగా పెరిగింది' అని రాస్తారు. నమ్మదగ్గ గడియారమైతే వేగం ఎందుకు మారుతుంది? మారేదైతే దాన్ని నమ్మి గురుత్వ తరంగాలను ఎలా కొలుస్తారు? ఈ సందేహం న్యాయమైనదే.

పల్సార్ అంటే పేలిపోయిన భారీ నక్షత్రంలో మిగిలిన గుండె. సూర్యుడికి దాదాపు ఒకటిన్నర రెట్ల బరువు, అలిపిరి నుంచి కొండ మీదికి వెళ్లే ఘాట్ రోడ్డు పొడవంత వ్యాసమున్న గోళంలో కుక్కి ఉంటుంది. దీన్నే న్యూట్రాన్ తార అంటారు. దాని అయస్కాంత ధ్రువాల దగ్గర్నుంచి రేడియో తరంగాలు ఒక కట్టగా వెలువడతాయి. తార తిరుగుతుంటే ఆ కట్ట లైట్‌హౌస్ వెలుగులా చుట్టూ తిరుగుతుంది. భూమి మీదుగా పోయిన ప్రతిసారీ టెలిస్కోపులో ఒక స్పందన నమోదవుతుంది. 1967 నవంబరులో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ గుర్తించిన మొదటి పల్సార్ 1.337 సెకన్లకోసారి స్పందించేది. ఇప్పుడు తెలిసినవి మూడు వేలకు పైమాటే.

## రైలు ఆలస్యం చెప్పే సంగతులు

తిరుపతి స్టేషన్‌కు నారాయణాద్రి రోజూ ఎన్నింటికి వచ్చిందో ఒకరు నోట్‌బుక్కులో రాసుకుంటున్నారనుకుందాం. వచ్చిన వేళలోంచి టైంటేబుల్ వేళ తీసేస్తే ఆలస్యం తెలుస్తుంది. ఒక్క రోజు ఆలస్యం చూసి చెప్పగలిగింది ఏమీ లేదు. ఏడాది ఆలస్యాలను వరసగా చుక్కలు పెట్టి గీస్తే మాత్రం దానికో ఆకారం వస్తుంది. ఆలస్యం రోజుకో పది సెకన్ల చొప్పున పేరుకుంటూ పోతే టైంటేబుల్లోనే తప్పుంది. వానాకాలంలో పెరిగి, వేసవికి తగ్గి, మళ్లీ వానాకాలంలో పెరిగితే దారిలో ఎక్కడో నీళ్లు నిలుస్తున్నాయి. ఫలానా తారీఖు నుంచి రైలు ముందే వస్తుంటే ఇంజన్ అయినా మారింది, లైన్ అయినా మారింది.

పల్సార్ టైమింగ్‌లో చేసేదీ ఇదే. తార ఎంత వేగంగా తిరుగుతోంది, ఎంత చొప్పున నెమ్మదిస్తోంది, ఆకాశంలో ఎక్కడుంది అన్నవి పెట్టుకుని ముందు ఒక టైంటేబుల్ కడతారు. స్పందన నిజంగా వచ్చిన వేళకూ, ఆ లెక్క చెప్పిన వేళకూ మధ్య మిగిలే తేడాను శేషం అందాం. శేషం ఏటవాలు గీతలా పెరిగితే భ్రమణ కాలాన్ని తప్పుగా తీసుకున్నారని అర్థం. విల్లులా వంగితే నెమ్మదించే రేటు తప్పు. ఏడాదికోసారి అలలా లేచి పడితే, ఆకాశంలో పల్సార్ ఉన్న చోటును సరిగా గుర్తించలేదు. ఆ అల ఏటేటా పెద్దదవుతుంటే తార జరుగుతోంది. ఏడాదితో సంబంధం లేని అల కనిపిస్తే దాని పక్కన ఇంకేదో తిరుగుతూ ఉండొచ్చు. 1974లో హల్స్, టేలర్ అనే శాస్త్రవేత్తలు ఒక జంట తారను పట్టుకున్నది ఇలాంటి అలతోనే. 7 గంటల 45 నిమిషాలకో చుట్టు తిరిగే ఆ జంట కక్ష్యా కాలం ఏడాదికి 76 మైక్రోసెకన్ల చొప్పున తగ్గుతోందని తర్వాత తేలింది. గురుత్వ తరంగాలున్నాయనడానికి దొరికిన మొదటి ఆధారం అదే. దానికి 1993లో నోబెల్ వచ్చింది.

శేషాన్ని చూసి లెక్క దిద్దుకునే అలవాటు మన పంచాంగకర్తలకూ ఉండేది. పాత సిద్ధాంతాల లెక్కకూ, ఆకాశంలో కనిపించే గ్రహస్థానానికీ మధ్య తేడా పెరిగినప్పుడు బీజ సంస్కారం పేరుతో దిద్దుబాటు కలిపేవారు. తమిళ సరిహద్దు ఊళ్లలో నేటికీ దృక్ పంచాంగం, వాక్య పంచాంగం పక్కపక్కనే పెట్టుకుని తిథి ఎప్పుడు మారుతుందని వాదించుకునేవారున్నారు. ఆ వాదన పుట్టింది కూడా ఈ తేడాలోంచే. అయితే పంచాంగంలో తేడా సరిదిద్దితే చాలు. పల్సార్ల దగ్గర ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్పగలగాలి.

## చూడని చుట్లు కూడా లెక్కే

మెట్ల పూజ మొక్కుకున్నవాళ్లు అలిపిరి దారిలోని 3,550 మెట్లకూ ఒక్కటి వదలకుండా పసుపు, కుంకుమ పెడుతూ కొండెక్కుతారు. పల్సార్‌ను లెక్కపెట్టేవారికి ప్రతి చుట్టునూ అలా తాకే అవకాశం ఉండదు. టెలిస్కోపుకు వేరే పనులుంటాయి. ఒక పల్సార్‌కు రెండు మూడు వారాలకోసారి అరగంటో గంటో దొరుకుతుంది. మధ్యలో కోట్ల చుట్లు ఎవరూ చూడకుండానే గడిచిపోతాయి. క్రాబ్ పల్సార్ ఏడాదికి తిరిగేది దాదాపు 93 కోట్ల చుట్లు. అయినా లెక్కలో ఒక్కటి తప్పకూడదు.

అందుకో పద్ధతి ఉంది. కొత్త పల్సార్ దొరకగానే ముందు కొన్ని గంటల తేడాతో చూస్తారు. ఆ కొలతతో భ్రమణ కాలం కాస్త కచ్చితంగా తెలుస్తుంది. దాంతో మరుసటి రోజు స్పందన ఎప్పుడు రావాలో అర చుట్టు కంటే తక్కువ పొరపాటుతో చెప్పగలుగుతారు. అది సరిపోతే వారం తర్వాత, ఆ తర్వాత నెలకు చూస్తారు. ప్రతి అడుగులోనూ పొరపాటు అర చుట్టు దాటకుండా చూసుకుంటేనే మధ్యలో తిరిగినవి పది లక్షల చుట్లా, పది లక్షల ఒకటా అని తేల్చి చెప్పగలరు. తొందరపడి మధ్యలో ఎక్కువ ఎడం ఇస్తే లెక్క తెగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి రావాలి. ఇలా తెగకుండా ఏళ్ల తరబడి సాగడం వల్లే భ్రమణ కాలాన్ని దశాంశం తర్వాత పదిహేను అంకెల దాకా చెప్పగలుగుతున్నారు.

ఒక్కో స్పందన ఆకారం ఒక్కోలా ఉంటుందన్నది ఇంకో చిక్కు. కొండెక్కేవాళ్లు పిలిచే గోవింద నామం ఒక్కో గొంతులో ఒక్కోలా పలుకుతుంది. వందల మంది కలిసి పిలిచేటప్పుడు వినిపించే ధ్వని మాత్రం ఏ రోజైనా దాదాపు ఒకటే. పల్సార్ స్పందనలను కూడా వేల సంఖ్యలో ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే స్థిరమైన ఆకారం వస్తుంది. ఆ సగటునే నమూనాతో సరిపోల్చి రాక వేళను నిర్ణయిస్తారు.

## ముందు మన కదలికను తీసేయాలి

శేషం చూసి తార గురించి మాట్లాడే ముందు భూమి సంగతి తేల్చుకోవాలి. సూర్యుడి నుంచి భూమికి వెలుగు రావడానికి దాదాపు 500 సెకన్లు పడుతుంది. అంటే భూకక్ష్యకు సమాన తలంలో ఉన్న పల్సార్ స్పందన ఒక ఋతువులో ఎనిమిది నిమిషాలు ముందు, ఆరు నెలల తర్వాత ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా అందుతుంది. అందుకే ప్రతి రాక వేళనూ సౌర కుటుంబపు బరువు కేంద్రం దగ్గర కొలిచినట్టుగా మార్చి రాస్తారు. ఆ కేంద్రం కచ్చితంగా సూర్యుడి నడిమధ్యన ఉండదు. గురుగ్రహం లాగుడుకు సూర్యుడు కూడా కదులుతూ ఉంటాడు. ఒక మైక్రోసెకనులో వెలుగు 300 మీటర్లు పోతుంది కాబట్టి, మైక్రోసెకను కచ్చితత్వం కావాలంటే భూమి ఉన్న చోటును 300 మీటర్ల లోపు తెలుసుకోవాలి.

ఇక్కడ చిన్న అశ్రద్ధ ఎంత దూరం పోతుందో 1991లో తేలింది. ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్ రేడియో టెలిస్కోపు బృందం బి1829-10 అనే పల్సార్ శేషాల్లో ఆరు నెలల అలను చూసి, దాని చుట్టూ ఒక గ్రహం తిరుగుతోందని ప్రకటించింది. ఆరు నెలలంటే భూమి ఏడాదిలో సరిగ్గా సగం. అనుమానం రావాల్సింది అక్కడే. పల్సార్ స్థానం మొదట్లో కొద్దిగా తప్పుగా ఉంది. దిద్దేటప్పుడు భూకక్ష్య గుండ్రమన్న సులువైన అంచనాతో పని కానిచ్చారు. నిజానికి అది కాస్త కోలగా ఉంటుంది. ఆ కొద్దిపాటి కోలతనమే ఆరు నెలల అలగా మారి గ్రహంలా కనిపించింది. బృందానికి నాయకత్వం వహించిన ఆండ్రూ లైన్ 1992 జనవరిలో నిండు సభలో లేచి తప్పు ఒప్పుకున్నారు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ రోజుల్లోనే వోల్ష్‌చాన్, ఫ్రెయిల్ బి1257+12 చుట్టూ నిజమైన గ్రహాలున్నాయని చూపించారు. సౌర కుటుంబం బయట నిర్ధారణైన మొదటి గ్రహాలు అవే. రెండు బృందాలదీ ఒకే పద్ధతి. ఒకరికి తప్పు, మరొకరికి ఒప్పు రావడానికి కారణం ముందు తీసేయాల్సినవి ఎంత జాగ్రత్తగా తీసేశారన్నదే. ఈ రంగం మొత్తంలో కొత్తగా చేరిన విద్యార్థికి ముందు చెప్పాల్సిన సంఘటన ఇదే.

దారిలోని ఎలక్ట్రాన్ల సంగతి కూడా చూడాలి. నక్షత్రాల మధ్య ఖాళీలో పలచగా పరుచుకున్న ఎలక్ట్రాన్లు రేడియో తరంగాలను ఆలస్యం చేస్తాయి. పౌనఃపున్యం తక్కువైతే ఆలస్యం ఎక్కువ. దగ్గర్లోని ఒక పల్సార్ నుంచి బయల్దేరిన 1,400 మెగాహెర్ట్జ్ తరంగానికి 20 మిల్లీసెకన్ల ఆలస్యం అయితే, అదే దారిలో 400 మెగాహెర్ట్జ్ తరంగానికి పావు సెకను అవుతుంది. ఆ దారిలో ఎలక్ట్రాన్ల సంఖ్య నెలనెలా కొద్దిగా మారుతుంది కాబట్టి ఆలస్యమూ మారుతుంది. పాకాల దగ్గరి గాదంకిలోని పెద్ద రాడార్ మన నెత్తి మీది వాతావరణాన్నీ, దాని పైన విద్యుత్ కణాలతో నిండిన పొర అయనోస్ఫియర్‌నూ అధ్యయనం చేస్తుంది. పల్సార్ సంకేతం చివరగా దాటి రావాల్సింది ఆ పొరనే. అయితే అసలు ఆలస్యమంతా అంతకు ముందే, వందల కాంతి సంవత్సరాల దారిలోనే జరిగిపోయి ఉంటుంది.

## నెమ్మదించడం మామూలే

తిరిగే అయస్కాంతం శక్తిని బయటికి పంపుతుంది. ఆ శక్తి భ్రమణం నుంచే రావాలి కాబట్టి ప్రతి పల్సార్ నెమ్మదిస్తుంది. క్రాబ్ భ్రమణ కాలం రోజుకు 36 నానోసెకన్లు, వేలా పల్సార్‌ది దాదాపు 11 నానోసెకన్లు పెరుగుతుంది. ఇది లెక్కకు లొంగే మార్పు. దీన్ని బట్టి తార వయసు అంచనా వేస్తారు. క్రాబ్‌కు ఆ లెక్కలో వచ్చేది సుమారు 1,250 ఏళ్లు. దాన్ని పుట్టించిన నక్షత్రపు పేలుడును చైనా పరిశీలకులు నమోదు చేసింది 1054లో. అంటే నిజం వయసు 970 చిల్లర ఏళ్లే. కాబట్టి పల్సార్ వయసు అని ఎక్కడైనా చదివితే దాన్ని అంచనాగానే తీసుకోవాలి.

## ఉన్నట్టుండి పెరిగే వేగం

1969 ఫిబ్రవరి చివర్లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపుతో వి. రాధాకృష్ణన్, రిచర్డ్ మాంచెస్టర్ వేలా పల్సార్‌ను కొలుస్తున్నారు. సి.వి. రామన్ కుమారుడైన రాధాకృష్ణన్ ఆ తర్వాత బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థకు సంచాలకులయ్యారు. 89 మిల్లీసెకన్లకో చుట్టు తిరిగే వేలా నెమ్మదించాల్సింది పోయి, వారం రోజుల ఎడంలో వేగం పెంచుకుంది. భ్రమణ కాలం సుమారు 200 నానోసెకన్లు తగ్గింది. అమెరికాలో ఇంకో బృందం విడిగా ఇదే గమనించింది. దీన్నే గ్లిచ్ అంటున్నారు.

200 నానోసెకన్లంటే ఏమంత అనిపించొచ్చు. అది ప్రతి చుట్టుకూ పేరుకుంటుంది. ఒక్క రోజులో స్పందనలు దాదాపు 0.19 సెకను ముందుకు జరుగుతాయి, అంటే రెండు చుట్లకు కాస్త పైనే. నెల రోజులు చూడకపోతే యాభై చుట్లకు పైగా లెక్క తప్పుతుంది. ఇంకోలా చెప్పాలంటే పద్దెనిమిది రోజుల్లో వేలా పోగొట్టుకున్న వేగాన్ని ఒక్క గ్లిచ్ తిరిగిచ్చేసింది. బయటి నుంచి ఎవరూ తోయలేదు. మరి వేగం ఎక్కడి నుంచి వచ్చింది?

దీనికి వంటింట్లోనే ఒక పరీక్ష ఉంది. ఒక పచ్చి గుడ్డును పళ్లెంలో పడుకోబెట్టి గిర్రున తిప్పండి. తిరుగుతుండగా వేలితో పైన తాకి ఒక్క క్షణం ఆపి, వెంటనే వేలు తీసేయండి. ఆగిందనుకున్న గుడ్డు మళ్లీ తనంతట తాను మెల్లగా తిరగడం మొదలుపెడుతుంది. వేలు ఆపింది పెంకునే. లోపలి సొన ఆగలేదు. వేలు తీయగానే అది పెంకును మళ్లీ తిప్పింది. ఉడికించిన గుడ్డుతో ఇది జరగదు. లోపల ఏముందో పగలగొట్టకుండానే తెలిసిపోతుంది.

న్యూట్రాన్ తారకూ గట్టి పెంకు ఉంటుంది. లోపల న్యూట్రాన్లు ఘర్షణ లేకుండా ప్రవహించే ద్రవంగా ఉంటాయి. అయస్కాంతం బ్రేకు వేసేది పెంకుకు. రేడియో స్పందనలు వచ్చేదీ పెంకుతో కలిసి తిరిగే భాగం నుంచే. లోపలి ద్రవం మామూలు నీళ్లలా మొత్తంగా తిరగలేదు, కోట్లాది సన్నని సుడులుగా విడిపోయి తిరుగుతుంది. ద్రవం నెమ్మదించాలంటే ఆ సుడులు బయటికి జరగాలి. కానీ అవి పెంకులోని పరమాణు కేంద్రకాలకు పట్టుకుని ఉండిపోతాయి. పెంకు రోజురోజుకూ నెమ్మదిస్తుంటే లోపలి ద్రవం పాత వేగంతోనే తిరుగుతుంటుంది. తేడా రెండు మూడేళ్లు పెరిగి ఒక హద్దు దాటగానే సుడులు గుంపుగా ఊడివస్తాయి. దాచుకున్న వేగం పెంకు మీదికి వచ్చి పడుతుంది. 1975లో ఆండర్సన్, ఇతో చెప్పిన ఈ వివరణే నేటికీ ఎక్కువ మంది ఒప్పుకునేది. అంతకు ముందు పెంకు పగిలి సర్దుకోవడం వల్ల, అంటే ఒక రకం తారాకంపం వల్ల గ్లిచ్ వస్తుందన్నారు. వేలాలో అంత పెద్ద గ్లిచ్‌లు అంత తరచుగా రావడానికి సరిపడా ఒత్తిడి పెంకులో పోగవదు. సుడుల వివరణకు బలం వచ్చింది అందుకే.

గ్లిచ్ తర్వాత వేగం వెంటనే పాత దారికి రాదు. రోజులు, నెలలు పట్టి సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు తీరు చూస్తే తార మొత్తంలో ద్రవం వాటా ఎంతో అంచనా వేయొచ్చు. 2016 డిసెంబరు 12న టాస్మేనియాలోని మౌంట్ ప్లెజెంట్ టెలిస్కోపు వేలాను చూస్తుండగానే గ్లిచ్ వచ్చింది. ఆ క్షణంలో ఒక స్పందన అసలు రాలేదు. వేగం పెరగడం కొన్ని సెకన్లలోనే పూర్తయింది. లోపలి ద్రవం పెంకును ఎంత త్వరగా పట్టుకోగలదో చెప్పే కొలత అది. అప్పటిదాకా గ్లిచ్ ముందు, గ్లిచ్ తర్వాత అని మాత్రమే తెలిసేది.

అన్ని పల్సార్లూ వేలాలా ఉండవు. మన పక్క గెలాక్సీ పెద్ద మెజెల్లానిక్ మేఘంలోని జె0537-6910 దాదాపు వంద రోజులకోసారి గ్లిచ్ ఇస్తుంది. పెద్ద గ్లిచ్ వస్తే తర్వాతిది ఆలస్యంగా వస్తుంది కాబట్టి దాని రాకను ముందే చెప్పొచ్చు. క్రాబ్‌లో అలాంటి క్రమం లేదు. 2017 నవంబరులో వచ్చింది దాని గ్లిచ్‌లలో అన్నిటికంటే పెద్దది. మన దగ్గర ఊటీ రేడియో టెలిస్కోపులో వేలాను తరచుగా చూస్తూ గ్లిచ్‌ను దానంతట అదే గుర్తించే ఏర్పాటు ఉంది. 2021 జులై 22 నాటి వేలా గ్లిచ్‌ను అది పట్టుకుంది.

## రెండు గేర్ల మధ్య

గ్లిచ్ కాకుండా ఇంకో రకం అక్రమం ఉంది. శేషం నెలల తరబడి నెమ్మదిగా ఇటూ అటూ తూలుతూ ఉంటుంది. దీన్ని చాలాకాలం 'టైమింగ్ రొద' అని పేరు పెట్టి పక్కన పెట్టేశారు. ఆ పేరు అన్యాయమైనదని తర్వాతి పరిశీలనలు చూపించాయి.

బి1931+24 అనే పల్సార్ వారం రోజులు కనిపించి, ఆ తర్వాత నెల రోజులు మాయమవుతుంది. 2006లో తేలిందేమిటంటే, కనిపించే రోజుల్లో అది కనిపించని రోజుల కంటే ఒకటిన్నర రెట్లు వేగంగా నెమ్మదిస్తోంది. అంటే చుట్టూ ఉన్న అయస్కాంత ఆవరణంలో విద్యుత్ కణాల ప్రవాహం ఉన్నప్పుడు బ్రేకు గట్టిగా, లేనప్పుడు మెత్తగా పడుతోంది. నాలుగేళ్ల తర్వాత ఆండ్రూ లైన్ బృందం ఇంకొన్ని పల్సార్లలో కూడా స్పందన ఆకారం మారినప్పుడే నెమ్మదించే రేటు మారుతోందని చూపించింది. రొద అనుకున్న తూలుడు నిజానికి రెండు గేర్ల మధ్య మారుతూ ఉండటమే. బి1828-11 శేషాల్లో క్రమంగా వచ్చే అలను తార తూగడం వల్ల అనుకున్నారు. అదీ ఈ గేర్ల మార్పు ఖాతాలోకే వచ్చింది.

ఇవేవీ ఏడాది కొలతలతో తెలిసేవి కావు. ఒక గేరు మార్పు తెలియడానికే నెలలు పడితే, అందులో క్రమం ఉందని చెప్పడానికి పదేళ్లు కావాలి.

## ఏది గడియారం, ఏది కాదు

మొదటి సందేహానికి జవాబు ఇక్కడుంది. గ్లిచ్‌లు, తూలుళ్లు ఎక్కువగా కనిపించేది వేలా, క్రాబ్ లాంటి పడుచు పల్సార్లలో. గురుత్వ తరంగాలకు వాడేవి మిల్లీసెకను పల్సార్లు. ఇవి బాగా ముసలివి. పక్కనున్న తార నుంచి పదార్థం లాక్కుని మళ్లీ వేగం పుంజుకున్నవి. వీటి అయస్కాంత క్షేత్రం బలహీనం, బ్రేకు దాదాపు లేనట్టే. 1982లో దొరికిన బి1937+21 సెకనుకు 642 చుట్లు తిరుగుతుంది. సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే, ఏడాదికి దాని భ్రమణ కాలం పెరిగేది అందులో మూడు భాగాలే. మిల్లీసెకను పల్సార్లలో ఇప్పటిదాకా కనిపించిన గ్లిచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేంత, అవీ చాలా చిన్నవి.

వీటిని కూడా పూర్తిగా నమ్మి కూర్చోడానికి లేదు. అత్యంత నమ్మకమైనదని పేరున్న జె1713+0747 స్పందన ఆకారం 2021 ఏప్రిల్‌లో ఉన్నట్టుండి మారిపోయింది. పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపుతో భారత బృందం కూడా ఆ మార్పును నమోదు చేసింది.

అణు గడియారాన్ని మించినవా అంటే, కాదు. నిమిషాలు, రోజుల లెక్కలో నేటి అణు గడియారాలు పల్సార్ల కంటే ఎంతో మెరుగు. పైగా పల్సార్ భ్రమణ కాలం ఎంతో కొలవాల్సింది అణు గడియారంతోనే. పల్సార్ తానుగా సెకను అంటే ఎంతో చెప్పలేదు. కొన్నేళ్ల నుంచి దశాబ్దాల లెక్కలో మాత్రం, భూమి మీది గడియారాలు మెల్లగా దారి తప్పుతున్నాయేమో సరిచూసుకోడానికి బాగా పనికొస్తుంది.

## ప్లాట్‌ఫారం గడియారమే తప్పయితే

స్టేషన్‌కు వచ్చే ప్రతి రైలూ ఒకే రోజు ఒకే మాదిరిగా మూడు నిమిషాలు ఆలస్యమైతే రైళ్లను తప్పుపట్టకూడదు, ప్లాట్‌ఫారం గడియారం చూడాలి. పల్సార్ల మధ్య పోలిక కూడా ఇలాగే పనిచేస్తుంది. అన్ని పల్సార్ల శేషాలూ ఒకేలా జరిగితే తప్పు భూమి మీది గడియారంలో ఉంది. ఒక వైపువి ముందుకు, ఎదుటి వైపువి వెనక్కి జరిగితే భూమి స్థానం లెక్కలో ఉంది. గురుత్వ తరంగానికి ఇంకో గుర్తు ఉంటుంది. ఆకాశంలో దగ్గరగా ఉన్న జంటల శేషాలు కలిసి కదులుతాయి, ఒకదానికొకటి లంబంగా ఉన్న జంటలవి ఎదురెదురుగా, పూర్తిగా ఎదుటి దిక్కుల్లో ఉన్నవి మళ్లీ కొంతమేర కలిసి కదులుతాయి. 1983లో హెల్లింగ్స్, డౌన్స్ లెక్కగట్టిన వంపు ఇది.

2023లో బృందాలన్నీ వెతికింది ఆ వంపునే. అమెరికా, కెనడాల నానోగ్రావ్ 15 ఏళ్ల కొలతలతో 67 పల్సార్లను చూసింది. యూరప్ బృందం 25 పల్సార్ల పాతికేళ్ల కొలతలకు భారత బృందం జీఎంఆర్‌టీ కొలతలను కలిపింది. జీఎంఆర్‌టీ బలం 300-500 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంది. దారిలోని ఎలక్ట్రాన్ల వల్ల వచ్చే ఆలస్యం అక్కడే పెద్దగా కనిపిస్తుంది కాబట్టి, దాన్ని కచ్చితంగా తీసేయడానికి ఆ కొలతలు అక్కరకొచ్చాయి. దొరికింది బలమైన సాక్ష్యమే, కానీ భౌతికశాస్త్రం 'కనిపెట్టాం' అనడానికి అడిగేంత నిశ్చయం ఇంకా రాలేదు. ఆ అలలకు కారణం గెలాక్సీల నడిబొడ్డున జంటలుగా తిరిగే మహా కృష్ణబిలాలని ఎక్కువ మంది అనుకుంటున్నారు. అలల కాలవ్యవధి ఏళ్లలో ఉంటుంది. పదిహేనేళ్ల అలను పట్టాలంటే కనీసం పదిహేనేళ్లు కొలవాలి. డబ్బుతోనూ, పెద్ద టెలిస్కోపుతోనూ దీన్ని తొందరపెట్టలేరు.

## ఇక ముందు

ఈ లెక్క తప్పితే వెంటనే కనిపించే ప్రభావం శ్రీహరికోట నుంచి వెళ్లిన ఉపగ్రహాల మీదే ఉంటుంది. ఎక్స్‌పోశాట్ గానీ, 2015లో ఇక్కడి నుంచే వెళ్లిన ఆస్ట్రోశాట్ గానీ క్రాబ్ నుంచి పట్టే ఎక్స్ కిరణాలు విడివిడి కణాలుగా వస్తాయి. ఏ కణం భ్రమణంలో ఏ దశలో బయల్దేరిందో చెప్పడానికి రేడియో టెలిస్కోపులు ఎప్పటికప్పుడు దిద్దిన టైంటేబుల్ కావాలి. మధ్యలో గ్లిచ్ వచ్చి, పాత టైంటేబులే వాడితే స్పందన ఆకారం చెదిరిపోయి ధ్రువణం, అంటే తరంగాలు ఏ దిశలో కంపిస్తున్నాయన్న కొలత కూడా చెడుతుంది. పోలిక్స్‌ను తయారుచేసింది రామన్ పరిశోధన సంస్థ. వేలా గ్లిచ్ చూసిన ఆ 1969లోనే రాధాకృష్ణన్ దాని రేడియో తరంగాల ధ్రువణం ఎలా తిరుగుతుందో కూడా వివరించారు.

పెద్ద ప్రశ్న కొలతలు తెగకుండా చూసుకోవడం. నానోగ్రావ్ ఆధారపడిన రెండు ప్రధాన టెలిస్కోపుల్లో ఒకటైన అరెసిబో 2020 డిసెంబరు 1న కుప్పకూలింది. భారత్ భాగస్వామిగా ఉన్న స్క్వేర్ కిలోమీటర్ అరే అనే భారీ రేడియో టెలిస్కోపును ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో కడుతున్నారు, మన వాటాకు కేంద్రం రూ.1,250 కోట్లు కేటాయించింది. కొత్త టెలిస్కోపు వచ్చినా లెక్క సున్నా నుంచి మొదలుకాకూడదు. ప్రతి పరికరంలో కేబుళ్లు, రిసీవర్ల వల్ల వచ్చే చిన్న ఆలస్యం వేరుగా ఉంటుంది. పాతదీ కొత్తదీ కొంతకాలం ఒకే పల్సార్లను ఒకేసారి చూస్తేనే ఆ తేడా తెలిసి రెండు కొలతలూ అతుకుతాయి. జీఎంఆర్‌టీ, ఊటీ, పార్క్స్, జోడ్రెల్ బ్యాంక్‌లలో వారం వారం సాగే ఈ మామూలు పరిశీలనలను స్క్వేర్ కిలోమీటర్ అరే సిద్ధమయ్యే దాకా ఆపకుండా నడపాల్సింది అందుకే.